సాషిమి

సాషిమి అనగా పచ్చి చేపను పలుచని ముక్కలుగా కోసి, సోయా సాస్, వాసబిలతో వడ్డించే జపాను వంటకము. వెనిగరు కలిపిన అన్నముతో చేసే సుషీ వేరు.

జాగ్రత్తలు

సముద్రపు చేపలలో అనిసాకిస్ అనే పరాన్నజీవి ఉండవచ్చును. వెనిగరు, ఉప్పు, వాసబిల వలన ఇది చావదు. -20 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలకు పైగా గడ్డకట్టించినా, 60 డిగ్రీల వద్ద ఒక నిమిషము వేడిచేసినా చనిపోవును. మంచినీటి చేపలలో కాలేయమునకు హాని చేసే పురుగులు ఉండవచ్చును.

కోనసీమలో

బంగాళాఖాతపు తీరమున ఉన్న ఉప్పలగుప్తం మండలములో సముద్రపు చేపలు, చెరువు చేపలు రెండూ లభించును. ఇక్కడ చేపను చింతపండు పులుసులో మరగించి వండుతారు. పురుగును చంపునది పులుపు కాదు, మరుగుటయే. మంచుగడ్డలలో ఉంచిన చేప సున్నా డిగ్రీల దరిదాపులలోనే ఉండును. కావున అది ఎంత తాజాదైనను పచ్చిగా తినదగినది కాదు.