ఏటికొప్పాక లక్కబొమ్మ: కర్ర ఆరేదాకా ఆగే పెట్టుబడి

పద్ధతి ప్రకారమే ఇచ్చిన ఒక చిన్న రుణం ఎందుకు చెడిపోబోయిందో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పు రుణగ్రహీతది కాదు, నాది. లక్కబొమ్మ ఎలా తయారవుతుందో తెలియకుండానే దానికి ఎంత పెట్టుబడి కావాలో లెక్క వేసేశాను.

కొన్నేళ్ల క్రితం ఏటికొప్పాకకు దగ్గరలో ఉన్న ఒక శాఖలో పనిచేశాను. విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి మీద తుని వైపు వెళ్తుంటే యలమంచిలి దాటాక, వరాహ నది ఒడ్డున ఉంటుందా ఊరు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చుట్టూ చెరకు పొలాలు. శాఖలో మా పని చాలావరకు పంట రుణాలు, బంగారం తాకట్టు, డ్వాక్రా సంఘాలు. బొమ్మలవాళ్ల ఖాతాలు ఉన్నా, నా బల్ల దాకా వచ్చేవి తక్కువ.

ఒకరోజు భార్యాభర్తలిద్దరు వచ్చారు. యాభై వేలు కావాలన్నారు. దేనికమ్మా అంటే, "కర్రకీ లక్కకీ బాబూ" అంది ఆవిడ. కర్ర అమ్మినవాడు బిల్లు ఇస్తాడా? ఇవ్వడు. కొటేషన్ ఉందా? లేదు. అప్పుడు నేను ఎంతో ఉదారంగా ఒక సలహా ఇచ్చాను. "కర్రకి ఇవ్వడం కష్టం గానీ, కొత్త లేత్, మోటారు కొనుక్కోండి. దానికి కొటేషన్ వస్తుంది, శిశు ముద్ర కింద యాభై వేలూ ఇచ్చేస్తాను. పని కూడా రెట్టింపవుతుంది." వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇస్తానంటున్న మేనేజరుకు ఎదురు చెప్పలేక సరేనన్నారు. మూడోవారంలో యంత్రం వచ్చింది, ఫొటో తీశాం, ఫైలు మూశాం. ఐదో వాయిదా నుంచి డబ్బు కట్టలేదు.

వసూలు కోసం వెళ్లినవాణ్ని ఆ ఇంట్లో ఒక పూటంతా కూర్చుండిపోయాను. అక్కడ చూసిందీ విన్నదీ మన సహోద్యోగులకు పనికొస్తుంది.

ముందుగా, మనలో చాలామందికి ఉన్న ఒక పొరపాటు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక మూడూ ఒకటే పని అనుకుంటాం. కొండపల్లి బొమ్మను పొనికి కర్రలో చెక్కి, ముక్కలు అతికించి, పైన కుంచెతో రంగు వేస్తారు. ఏటికొప్పాకలో చెక్కడం కాదు, తిప్పడం. కర్ర తిరుగుతుంటే ఉలి ఆనిస్తారు. పాత తెలుగులో ఆ సాధనాన్ని తరిమెన అనేవారు, ఇప్పుడందరూ లేత్ అనే అంటారు. కరెంటు లేని రోజుల్లో ఒకరు తాడు ముందుకూ వెనక్కూ లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. కర్ర ఇటు ఒకసారి, అటు ఒకసారి తిరిగేది. తన వైపు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది, ఎదురు తిరిగినప్పుడు ఉలిని కాస్త వెనక్కి తీయాలి. అంటే సగం తిరుగుడు వృథా. మోటారు వచ్చాక ఆ సగమూ కలిసొచ్చింది, తాడు లాగే మనిషి చేతులకు వేరే పని దొరికింది.

తిప్పితే వచ్చేది గుండ్రటి ఆకారమే. అందుకే లక్కపిడతలు, బొంగరాలు, గిలకలు, కుంకుమ బరిణెలు ఈ పనికి సొంత బిడ్డలు. మన ఇళ్లలో ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతల పొయ్యి, గుండిగ, చెంబు ఈ జాతివే. ఎడ్లబండైనా, పెళ్లికొడుకూ పెళ్లికూతురైనా దగ్గరగా చూస్తే అన్నీ గుండ్రటి ముక్కల అతుకులే.

రంగు వేసే తీరు నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. అక్కడ కుంచె లేదు, డబ్బా లేదు. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగు పొడి కలిపి, చపాతీ పిండిలా పిసుకుతూ లాగుతూ కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీ నొక్కిపెడతారు. డెబ్బై ఎనభై డిగ్రీల వేడికే లక్క కరుగుతుంది, రాపిడితో పుట్టే వేడి అందుకు చాలు. రంగు కర్రకు పట్టుకుంటుంది. తర్వాత ఎండిన మొగలి ఆకు ముక్క మడిచి అదుముతారు. పూత సమంగా పరుచుకుని, అద్దంలా మెరుస్తుంది. ఆరబెట్టే పనే లేదు, నిమిషాల్లో బొమ్మ చేతికొస్తుంది.

లక్క ఒక చిన్న పురుగు స్రవించే పదార్థం. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద గట్టిపడుతుంది. దేశంలో ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. అక్కడ దిగుబడి తగ్గితే ఏటికొప్పాకలో ధర పెరుగుతుంది. రంగులు పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు, కరక్కాయ, ఇనుము. పసుపులో నీలం కలిపితే ఆకుపచ్చ. ఒకప్పుడు రసాయన రంగులు వచ్చి వీటిని పక్కకు నెట్టాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మీద ఆ రంగులు మంచివి కావని, మళ్లీ చెట్ల రంగులకు మళ్లించడానికి ఆ ఊరి సి.వి. రాజు గారు దశాబ్దాలు కష్టపడ్డారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటమూ ఈ బొమ్మలదే.

(ఒక చిన్న హెచ్చరిక. లక్కబొమ్మను శానిటైజరుతో తుడవకండి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. కరోనా రోజుల్లో మా అమ్మాయి శుభ్రత పేరుతో ఒక బొంగరాన్ని తుడిచి సగం రంగు గుడ్డకు అంటించింది. పొడి గుడ్డ చాలు. వేడి పాత్రలు కూడా దూరంగా పెట్టండి.)

ఇప్పుడు కర్ర సంగతి. అసలు కథ ఇక్కడే ఉంది.

ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో చేస్తారు. గాటు పెడితే పాలు కారే చెట్టు. కర్ర తెల్లగా, సన్నటి నారతో, ఉలికి వెన్నలా లొంగేదిగా ఉంటుంది. తెల్లగా ఉండబట్టే పసుపు లాంటి లేత రంగు కూడా పైన నిలిచి కనిపిస్తుంది. ఆ చెట్టు ఆకుల నుంచి పూర్వం నీలం రంగు కూడా తీసేవారట, దాని శాస్త్రీయ నామంలో ఉన్న ‘టింక్టోరియా’ అనే మాట రంగు అద్దకానికి సంబంధించిందే. మొదలు ఉంచి కొమ్మలు కొడితే మళ్లీ చిగురిస్తుంది. మొదలంటా నరికితే మాత్రం అడవి దూరమవుతూ పోతుంది, కర్ర ధర దగ్గరవుతుంది. పొలం గట్ల మీద అంకుడు పెంచడానికి మనం అప్పు ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ఆ ప్రతిపాదనతో నా దగ్గరికి ఎవరూ రాలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

పచ్చికర్రలో నీరుంటుంది. ఆరుతుంటే కుంచించుకుపోతుంది. అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోతే గొడవే లేదు. కానీ కర్రలోని వలయాల వెంబడి ఎక్కువగా, నడిమి నుంచి బయటికి తక్కువగా తగ్గుతుంది. కాబట్టి పచ్చికర్రను చక్కగా గుండ్రంగా తిప్పినా, కొన్ని వారాలకు అది కోడిగుడ్డులా సాగుతుంది. లేదా నెర్రె విచ్చుతుంది. బొంగరమైతే వణుకుతుంది. బరిణెకైతే మూత పట్టదు. దుకాణదారు తిప్పి పంపేస్తాడు.

అందుకే కర్రను తెచ్చి, ముక్కలు కోసి, ఎండ తగలని చోట గాలి ఆడేలా పేర్చి ఆగాలి. ఆ ఇంట్లో సన్న ముక్కలకు రెండు మూడు నెలలు ఆగేవారు, లావు ముక్కలకు ఇంకాస్త ఎక్కువ. "కర్ర ఏటైనా బియ్యమా బాబూ, పొద్దున్న తెచ్చి రాత్రికి వండేసుకోడానికి?" అంది ఆవిడ. కొత్త యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది. నిరుడు పేర్చిన కర్ర అయిపోయింది. వాయిదాలు కట్టడంతో కొత్త కర్ర కొనడానికి డబ్బు మిగల్లేదు. పాత యంత్రమే సగం రోజులు ఖాళీగా ఉంటే, నేను రెండోదాన్ని ఇచ్చాను.

ఇక మన లెక్కకు వద్దాం. చిన్న పరిశ్రమలకు నిర్వహణ పెట్టుబడి లెక్కగట్టేటప్పుడు మనం నాయక్ కమిటీ పద్ధతి వాడతాం. ఏడాది అమ్మకాల అంచనాలో 25 శాతం అవసరమనీ, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం వ్యాపారి పెట్టుకోవాలనీ. దీని వెనక ఒక ఊహ దాగి ఉంది. డబ్బు ఏడాదికి నాలుగుసార్లు తిరుగుతుంది, అంటే సరుకు కొన్న మూడు నెలల్లో అమ్మకం డబ్బు చేతికొస్తుంది అని. బొమ్మల ఇంట్లో అలా తిరగదు. కర్ర ఆరడానికి మూడు నెలలు. తిప్పి, రంగు వేసి, ముక్కలు కలిపి సరుకు పోగవడానికి ఒక నెల. కొలువుల కాలం, సంక్రాంతి, ప్రదర్శనల కోసం కొంత ఆగడం. దుకాణానికి ఇస్తే డబ్బు వచ్చేసరికి ఇంకో నెలన్నర. మొత్తం ఆరు నెలలు దాటుతుంది. ఏడాదికి రెండు లక్షల నలభై వేల సరుకు అమ్మే ఇంటికి మన పద్ధతిలో 48 వేల పరిమితి వస్తుంది. ఆరు నెలల చక్రానికి సగం అమ్మకం, అంటే లక్షా ఇరవై వేలు పనిలో చిక్కుకుని ఉంటుంది.

"అందులో చాలావరకు వాళ్ల సొంత కూలే కదా, డబ్బు ఖర్చు కాదుగా" అని మన అధికారి ఒకాయన నాతో వాదించాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ ఆరు నెలలూ ఆ ఇల్లు తినాలి కదా. ఆ తిండి ఖర్చుకు బయట అప్పు చేస్తే, మన రుణం కంటే ముందు ఆ అప్పే తీరుతుంది. 20 శాతం అనేది కనీసమే, చక్రం పొడుగైతే ఎక్కువ లెక్కగట్టడానికి అడ్డేమీ లేదు. ప్రాసెస్ నోటులో ఆ చక్రాన్ని నెలలవారీగా రాస్తే పై ఆఫీసు కూడా ఒప్పుకుంటుందని నా అనుభవం. మా ప్రాంతీయ కార్యాలయం ఒక్క ప్రశ్న వేసింది: "కర్ర ఆరడానికి ఆధారం?" ఒక బరిణె, దాని మూత పంపించాను, పచ్చికర్రతో చేసింది. మూత పట్టలేదు. పరిమితి మంజూరైంది.

యంత్రం అప్పును పొడిగించి, దాని పక్కన కర్రకూ లక్కకూ వేరే పరిమితి ఇచ్చాం. వాయిదాలు నెలనెలా కాకుండా కొలువుల సీజను తర్వాత ఎక్కువ కట్టేలా పెట్టాం.

ఇప్పుడైతే ఇంకో దారి కూడా ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. మొదట లక్ష రూపాయల దాకా 18 నెలలకు, అది తీర్చాక రెండు లక్షల దాకా 30 నెలలకు, కళాకారుడికి 5 శాతం వడ్డీ, హామీ అక్కర్లేదు. పనిముట్లకు 15 వేల ఈ-వోచరు వేరే. కుటుంబంలో ఒక్కరికే. ఇక్కడా అదే జాగ్రత్త చెబుతాను: పనిముట్లకు వోచరు ఉంది కాబట్టి, లక్ష రూపాయల అప్పును మళ్లీ యంత్రంలోకి తోయకండి. 18 సమాన వాయిదాలు ఈ పనికి బిగుతే, కాబట్టి మొదటి వాయిదా వచ్చేసరికి వాళ్ల దగ్గర ఆరిన కర్ర ఎంత ఉందో చూసి మంజూరు తేదీ నిర్ణయించండి.

ఇంకొకటి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకూ మినహాయింపు ఇచ్చారు. కాబట్టి రుణ పత్రాలతో పాటు కళాకారుడి గుర్తింపు కార్డు, అదే పెహచాన్ కార్డు, ఉందో లేదో అడగండి. లేకపోతే దరఖాస్తు చేయించండి. పెద్ద దుకాణం సరుకు తీసుకునే ముందు అడిగేది అదే.

బదిలీ అయ్యే ముందు ఆ ఇంటికి ఒకసారి వెళ్లాను. పంచలో కర్ర ముక్కలు పేర్చి ఉన్నాయి, ఒక్కో దొంతి మీద సుద్దముక్కతో తేదీ రాసి ఉంది. నేను చాలా సంతోషించి, "స్టాకు లెక్క బాగా పెడుతున్నారమ్మా, మా తనిఖీకి పనికొస్తుంది" అన్నాను.

"మీ కోసం కాదు బాబూ," అంది ఆవిడ, "మూత కోసం."