పేరొక్కటే.. కొలతలు వేరు!

* ట్యాంకు నమూనాలకు మార్పిడి భాగాల ఎంపికలో మెలకువలు
* కొనే ముందే కొలిస్తే సొమ్ము ఆదా
* దక్కన్ హార్స్ నడిపిన షెర్మన్ ట్యాంకే ఇందుకు ఉదాహరణ

హైదరాబాద్: ప్లాస్టిక్ కిట్ ఒక సంస్థది. దానికి అమర్చదలచిన టరెట్ మరో సంస్థది. రెండు పెట్టెల మీదా 'షెర్మన్' అనే ఉంటుంది. తీరా అతికించబోతే ఒకచోట సందు, మరోచోట బిగువు. ఒకవేళ సరిగ్గా కూర్చున్నా, అటువంటి ట్యాంకు ఏ యుద్ధరంగంలోనూ కనిపించి ఉండదు. విదేశాల నుంచి తెప్పించిన భాగాన్ని తిప్పి పంపడం కష్టం. పెట్టెలో దాచుకోవడం తప్ప గత్యంతరం ఉండదు. స్కేల్ మోడల్ ట్యాంకులు తయారుచేసేవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇదే. మార్పిడి సెట్ వెల కొన్నిసార్లు కిట్ వెలను మించిపోతుంది. అందువల్ల కొనుగోలుకు ముందే కొన్ని లెక్కలు సరిచూసుకోవడం అవసరం.

ఏమిటీ మార్పిడి భాగాలు?

కిట్ అంటే ట్యాంకును ఏదో ఒక రూపంలో పూర్తిగా నిర్మించుకోవడానికి వలసిన ప్లాస్టిక్ భాగాల సమాహారం. అదే ట్యాంకులో కిట్ తయారీదారు అందించని మరో రూపం కావాలంటే మార్పిడి భాగాలను ఆశ్రయించాలి. వీటిని సాధారణంగా చిన్న సంస్థలు తయారుచేస్తాయి. టరెట్, హల్ వంటివి రెజిన్‌తో పోతపోస్తారు. సన్నని కడ్డీలు, జాలీలు, పెట్టెల మూతలు పలుచని ఇత్తడి రేకుపై రసాయనంతో చెక్కుతారు. ఫిరంగి గొట్టాలను అల్యూమినియం లేదా ఇత్తడితో లేతుపై తరుగుతారు. ఇటీవలి కాలంలో త్రీడీ ముద్రణతో రూపొందిన భాగాలూ విరివిగా వస్తున్నాయి.

ట్యాంకు నమూనాల్లో ఎక్కువ ఆదరణ పొందిన నిష్పత్తి 1/35. జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా సంస్థ 1960ల ఆరంభంలో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు నమూనాను తెచ్చింది. లోపల బ్యాటరీలు పట్టడానికి అనువుగా ఎంచుకున్న పరిమాణమే 1/35 అయింది. క్రమేణా ఇతర సంస్థలూ ఆ బాటే పట్టాయి. అసలు ట్యాంకులో 35 మిల్లీమీటర్లు ఉన్నది నమూనాలో ఒక మిల్లీమీటరు అవుతుందన్నమాట. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం మోసాలు తప్పుతాయి.

ఒక పేరు.. అనేక రూపాలు

అమెరికా 1942 నుంచి 1945 వరకు సుమారు 49 వేల షెర్మన్ ట్యాంకులను నిర్మించింది. వేర్వేరు కర్మాగారాలు, వేర్వేరు ఇంజిన్లు వాడటంతో రూపాలు అనేకమయ్యాయి. ఎం4 రకంలో విమానాలకు వాడే తరహా రేడియల్ ఇంజిన్ ఉంటుంది. ఎం4ఏ1లోనూ అదే ఇంజిన్. అయితే దాని హల్ పైభాగం పలకలు అతికించినది కాదు, మొత్తంగా పోతపోసినది. ఎం4ఏ2లో జంట డీజిల్ ఇంజిన్లు, ఎం4ఏ3లో ఫోర్డ్ వి8 ఇంజిన్ అమర్చారు. ఎం4ఏ4 తీరే వేరు. ఆరు సిలిండర్ల క్రైస్లర్ కారు ఇంజిన్లు ఐదింటిని ఒక్కటిగా కలిపి, 30 సిలిండర్ల యంత్రంగా మార్చి ఇందులో బిగించారు. ఆ భారీ యంత్రం పట్టడానికి హల్‌ను 11 అంగుళాల మేర పొడిగించారు. బ్రిటిష్ సైన్యం దీనినే షెర్మన్-5 అని పిలిచింది.

ఈ షెర్మన్-5కు దక్కన్‌తో అనుబంధం ఉంది. నిజాం కొలువులో 1790లో ఏర్పడిన ఆశ్విక దళమే దక్కన్ హార్స్‌కు మూలం. 1921లో రెండు దళాలు ఏకమై నేటి రెజిమెంట్‌కు రూపునిచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 జులైలో ఫ్రాన్స్‌లోని సోమ్ రంగంలో గుర్రాలపై దాడి చేసిన ఈ దళం, రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాలను వదిలి ట్యాంకులెక్కింది. 255వ భారత ట్యాంకు బ్రిగేడ్‌లో భాగంగా 1945లో బర్మాలోని మెయిక్‌టిలా పోరులో పాల్గొన్నది షెర్మన్-5లతోనే. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ వద్ద పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులను అడ్డుకున్న దళాల్లోనూ దక్కన్ హార్స్ షెర్మన్‌లు ఉన్నాయి. అటువంటి ట్యాంకును నమూనాగా నిలుపుకోవాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. 'షెర్మన్' అని రాసి ఉన్న ప్రతి కిట్టూ దక్కన్ హార్స్ షెర్మన్ కాజాలదు.

ఎనిమిది మిల్లీమీటర్ల లెక్క

బర్మాలోని షెర్మన్-5 కావాలి, చేతిలో ఉన్నది ఎం4ఏ3 కిట్ అనుకుందాం. టరెట్ మార్చితే సరిపోతుందనుకోవడం పొరపాటు. హల్ పొడవులోని 11 అంగుళాల తేడా అంటే 279 మిల్లీమీటర్లు. దీనిని 35తో భాగిస్తే సుమారు 8 మిల్లీమీటర్లు వస్తుంది. చూపుకు స్వల్పమే కానీ, నమూనా పక్కన మరో నమూనా పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

ఈ 8 మిల్లీమీటర్ల ముక్కను వెనుక అతికించి చేతులు దులుపుకోవడానికీ వీలులేదు. అసలు ట్యాంకులో ఒక్కోవైపు మూడు చొప్పున ఉండే చక్రాల జతల మధ్య ఎడం కూడా పెరిగింది. కాబట్టి నమూనాలో వాటి స్థానాలు మార్చాలి. ఇంజిన్ పై కప్పు పొడవు మారుతుంది. శీతలీకరణ పంకా కోసం ఆ కప్పుపైనా, ట్యాంకు అడుగునా చిన్న ఉబ్బులు వచ్చాయి. అవి ఇతర రకాల్లో కనిపించవు.

ట్రాకుల లెక్క మరింత ఆసక్తికరం. ఇతర షెర్మన్‌లకు ఒక్కోవైపు 79 లింకులుంటే, ఎం4ఏ4కు 83 ఉంటాయి. హల్ 11 అంగుళాలు పెరిగినప్పుడు ట్రాకు పైవరుస 11, కింది వరుస 11 అంగుళాలు పెరగాలి. మొత్తం 22 అంగుళాలు. ఒక్కో లింకు నిడివి 6 అంగుళాలు కనుక నాలుగు లింకులు కలపవలసి వచ్చింది. మిగిలిన రెండంగుళాల వ్యత్యాసాన్ని వెనుకనున్న బిగింపు చక్రం సర్దుకుంటుంది. 79 లింకులకు సరిపడా వచ్చే ట్రాకు సెట్ కొన్నవారికి ఇక్కడే చుక్కెదురవుతుంది. విడి లింకుల సెట్ కొనేటప్పుడు అందులో రెండువైపులకూ కలిపి కనీసం 166 లింకులు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇన్ని మార్పులు చేయడం కన్నా ఎం4ఏ4 హల్‌తోనే వచ్చే కిట్‌ను ఎంచుకోవడం మేలు. హాంకాంగ్‌కు చెందిన డ్రాగన్, జపాన్‌కు చెందిన అసుకా వంటి సంస్థలు ఈ పొడుగు హల్‌తో కిట్లు వెలువరించాయి. సరైన మూల కిట్ దొరికితే మార్పిడి భాగాల అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

కూర్చున్నంత మాత్రాన సరికాదు

షెర్మన్ టరెట్ తిరిగే వలయం వ్యాసం 69 అంగుళాలు. 1/35లో అది సుమారు 50 మిల్లీమీటర్లు. 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న తొలి టరెట్‌కూ, 76 మిల్లీమీటర్ల ఫిరంగితో వచ్చిన పెద్ద టరెట్‌కూ ఈ వలయం కొలత ఒక్కటే. అసలు ట్యాంకుల్లో కొత్త టరెట్‌ను పాత తరహా హల్‌పై కూర్చోబెట్టగలిగింది ఇందువల్లే. నమూనాల్లోనూ అంతే. ఏ షెర్మన్ టరెట్ అయినా దాదాపు ఏ షెర్మన్ హల్‌పైనైనా కూర్చుంటుంది. చిక్కు వచ్చేది ఇక్కడే. ఎం4ఏ4 ఉత్పత్తి 1943లోనే ముగిసింది. 76 మిల్లీమీటర్ల టరెట్‌తో అది కర్మాగారం నుంచి వెలువడలేదు. భౌతికంగా కుదిరినా చారిత్రకంగా కుదరని జోడీ అది.

ఫైర్‌ఫ్లై సంగతీ ఇటువంటిదే. బ్రిటిష్‌వారు 17 పౌండర్ ఫిరంగిని అమర్చిన షెర్మన్ ఇది. వీటిలో అధిక భాగం ఎం4ఏ4 హల్‌పైనే రూపొందాయి. అందువల్ల ఫైర్‌ఫ్లై టరెట్ సెట్ షెర్మన్-5 కిట్‌పై చక్కగా అమరుతుంది. అయితే ఫైర్‌ఫ్లైలు పోరాడింది వాయవ్య ఐరోపా, ఇటలీ రంగాల్లో. మెయిక్‌టిలా దృశ్యంలో ఆ పొడవాటి ఫిరంగికి చోటులేదు.

ఐరోపా రంగంలోని ఫైర్‌ఫ్లైనే చేయదలచినా టరెట్ ఒక్కటీ మార్చితే చాలదు. కొత్త ఫిరంగికి చోటివ్వడానికి రేడియోను టరెట్ వెనుక అతికించిన ఉక్కు పెట్టెలోకి మార్చారు. ఫిరంగిలో గుండ్లు నింపే సైనికుడి కోసం పైకప్పులో అదనపు ద్వారం తెరిచారు. ముందువైపు మరతుపాకి పేల్చే సైనికుడిని తొలగించి, ఆ స్థలాన్ని గుండ్ల నిల్వకు కేటాయించారు. ఆ తుపాకి రంధ్రాన్ని ఉక్కు పలకతో మూసివేశారు. టరెట్ మాత్రమే ఉన్న సెట్ కొన్నవారు ఈ మూతను సొంతంగా చేసుకోవాలి. సెట్‌లో ఏముంది అన్నదానితో పాటు ఏం లేదు అన్నదీ చూడవలసింది ఇందుకే.

'ఫలానా కిట్ కోసం' అంటే..

చాలా మార్పిడి సెట్లపై అవి ఏ సంస్థ కిట్ కోసం రూపొందాయో రాసి ఉంటుంది. దీనిని ప్రకటనగా కొట్టిపారేయరాదు. ఒకే నిష్పత్తిలోని ఒకే ట్యాంకైనా రెండు సంస్థల కిట్ల మధ్య మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడాలు సహజం. టరెట్‌ను హల్‌కు బిగించే కొక్కేల అమరిక వేరు. హల్ పైభాగం, కిందిభాగం కలిసే గీత వేరు. ఫిరంగి మొదలు దూరే రంధ్రం వ్యాసం వేరు. మోటారుతో నడిచే రోజుల్లో వచ్చిన కొన్ని పాత కిట్ల అడుగున స్విచ్చులకు, గేర్లకు వదిలిన రంధ్రాలూ ఉంటాయి. వాటిని పూడ్చుకోవాలి.

పాత పెట్టెలు కొనేవారు నిష్పత్తినీ గమనించాలి. 50 మిల్లీమీటర్లు ఉండవలసిన షెర్మన్ టరెట్ వలయం 1/32లో దాదాపు 55, 1/48లో 36.5 మిల్లీమీటర్లు అవుతుంది. 1/32 భాగం 1/35 కిట్‌పై పెట్టినప్పుడు తొలిచూపులో తప్పు తెలియదు. పూర్తయ్యాక ట్యాంకు తల పెద్దదిగా, ఒళ్లు చిన్నదిగా కనిపిస్తుంది.

రెజిన్ గట్టిపడేటప్పుడు స్వల్పంగా కుంచించుకుపోతుంది. నాణ్యమైన తయారీదారు మూసను ఆ మేరకు సరిచేస్తాడు. ఒకరి భాగం నుంచి అచ్చు తీసి దొంగచాటుగా పోసే నకళ్లలో ఈ సవరణ ఉండదు. అసలు భాగం ఒకసారి, నకలు మరోసారి కుంచించుకుంటాయి. వెల తక్కువని వాటికి ఆశపడితే సందులు పూడ్చడానికే సమయం సరిపోతుంది.

ఫిరంగి గొట్టాలను సరిచూసే మార్గం తేలికైనదే. షెర్మన్ 75 మిల్లీమీటర్ల ఫిరంగి గొట్టం తన వ్యాసానికి 40 రెట్ల పొడవు, అంటే 3 మీటర్లు. నమూనాలో దాదాపు 86 మిల్లీమీటర్లు. 17 పౌండర్ వ్యాసం 76.2 మిల్లీమీటర్లు, పొడవు దానికి 55 రెట్లు. నమూనాలో సుమారు 120 మిల్లీమీటర్లు. ఇందులో కొంత భాగం టరెట్ లోపల ఉంటుంది కనుక బయటకు కనిపించేది అంతకన్నా తక్కువ. లోహపు గొట్టం మొదలు, కిట్‌లోని రంధ్రం కలుస్తాయో లేదో కాలిపర్స్‌తో కొలిచాకే పాత భాగాన్ని కోయాలి.

కోతకు ముందు.. జాగ్రత్తలు

రెజిన్ భాగాలపై అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటుంది. గిన్నెలు తోమే ద్రవం కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి ఆరబెట్టకపోతే రంగు నిలవదు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు రెజిన్‌పై పనిచేయదు. సూపర్ గ్లూ లేదా రెండు భాగాలు కలిపే ఎపాక్సీ వాడాలి. వంగిపోయిన సన్నని భాగాన్ని వేడినీటిలో ముంచితే మెత్తబడుతుంది. సరిచేసి చన్నీటిలో పెడితే అలాగే నిలుస్తుంది.

రెజిన్ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి. నీటితో తడుపుతూ రుద్దితే ధూళి లేవదు. పిల్లలు తిరిగే గదిలో, భోజనాల బల్లపై ఈ పని పనికిరాదు. త్రీడీ ముద్రణ భాగాలు పూర్తిగా గట్టిపడక జిగటగా ఉంటే ఉత్తచేతులతో తాకరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. అన్ని భాగాలనూ జిగురు లేకుండా ఒకసారి పేర్చి చూడాలి. సెట్‌లోని ప్రతి భాగం చేతికి వచ్చాకే కిట్‌పై రంపం పెట్టాలి. కోసిన ప్లాస్టిక్ తిరిగి అతకదు.

కొనే ముందు చూసుకోవలసినవి..

* ఏ దళం, ఏ రంగం, ఏ సంవత్సరం అన్నది ముందుగా నిర్ణయించుకోవాలి. ఆ కాలపు ఛాయాచిత్రం కనీసం ఒకటి దగ్గర ఉండాలి.
* ఛాయాచిత్రంలోని ట్యాంకు హల్ ఏ రకమో గుర్తించాలి. షెర్మన్‌లో చక్రాల జతల మధ్య ఎడమే తొలి ఆనవాలు.
* అదే హల్‌తో కిట్ దొరుకుతుందేమో వెదకాలి. దొరకనప్పుడే హల్ మార్పిడి సెట్ జోలికి వెళ్లాలి.
* సెట్ ఏ సంస్థ కిట్ కోసం, ఏ నిష్పత్తిలో రూపొందిందో చదవాలి.
* భాగాల జాబితాను ఛాయాచిత్రంతో పోల్చి, లేనివేమిటో రాసుకోవాలి.
* కిట్, సెట్, ట్రాకులు, రవాణా, సుంకం అన్నీ కలిపి మొత్తం ఖర్చు లెక్కవేసుకోవాలి.

స్వాతంత్ర్యానంతరం భారత సైన్యంలో ఫిరంగులు మార్చిన షెర్మన్‌లూ పనిచేశాయి. కనుక 1945 నాటి మెయిక్‌టిలా ట్యాంకు కోసం పనికొచ్చిన సెట్ 1965 నాటి అసల్ ఉత్తర్ ట్యాంకుకు పనికొస్తుందని భావించరాదు. రెజిమెంట్ ఒక్కటే అయినా 20 ఏళ్ల వ్యవధిలో ఫిరంగి, గుర్తులు మారాయి. ఏ ట్యాంకుకు ఆ ట్యాంకు ఛాయాచిత్రాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. వివిధ దేశాల ట్యాంకులను దగ్గరగా పరిశీలించదలచినవారికి మహారాష్ట్రలోని అహల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్)లో ఉన్న కావల్రీ ట్యాంకు మ్యూజియం అందుబాటులో ఉంది.

దళంలో పనిచేసినవారి కుటుంబాలకు ఇటువంటి నమూనా ఒక జ్ఞాపిక. ఇంట్లోని పిల్లలు దానిని చూసే అప్పటి ట్యాంకు ఇలా ఉండేదని తెలుసుకుంటారు. పొరపాటు భాగం అమరిస్తే వారికి అందేది పొరపాటు చరిత్రే అవుతుంది. ఒక స్కేలు, ఒక కాలిపర్స్, ఒక పాత ఛాయాచిత్రం దగ్గర ఉంచుకుంటే ఆ పొరపాటు జరగదు.