ఆచారం వేరు, ధర్మం వేరు

హైదరాబాదు నుండి కర్నూలుకు సాగే జాతీయ రహదారి బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటి నడిగడ్డలో ప్రవేశిస్తుంది. నదికి ఇరువైపులా ఉన్న ముస్లిం కుటుంబాలను గమనిస్తే, ఒకే విశ్వాసం గల స్త్రీల మధ్య ఎన్ని భేదాలున్నాయో తెలుస్తుంది. వనపర్తి, గద్వాల పట్టణాల్లో ఇంట ఉర్దూ మాట్లాడుతూ బురఖా ధరించేవారున్నారు. పల్లెల్లో తెలుగే మాతృభాషగా, కొంగు తలపై కప్పుకొని పొలం పనులు చేసుకునే దూదేకుల స్త్రీలున్నారు. ‘ఉర్దూ రాని పిల్ల’ అన్న చులకన మాట సంబంధాలు చూసే వేళ నేటికీ వినవస్తుంది.

ఈ చులకనకు ధర్మంలో ఆధారం లేదు. భాషల్లోని, వర్ణాల్లోని వైవిధ్యం అల్లాహ్ సూచనల్లో ఒకటని దివ్యఖుర్ఆన్ (30:22) తెలియజేస్తోంది.

ఇటువంటి తేడాలు తొలితరం విశ్వాసుల్లోనూ ఉండేవి. మక్కాలోని ఖురైషు ఇళ్ళలో పురుషులదే పైచేయి. మదీనాలోని అన్సారుల ఇళ్ళలో స్త్రీల మాట చెల్లేది. హిజ్రత్ తరువాత మక్కా స్త్రీలు ఆ పద్ధతి నేర్వసాగారు. భార్య ఎదురు సమాధానం చెప్పగా హజ్రత్ ఉమర్ (రజి) విస్తుపోయారు. దైవప్రవక్త (స) సతీమణులు కూడా ఆయనకు బదులు చెబుతారని ఆమె గుర్తుచేశారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గును అడ్డురానివ్వని అన్సారు స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు.

మన ప్రాంతంలోనూ మార్పు వస్తోంది. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో ఉర్దూ ఇంటి పిల్ల, తెలుగు ఇంటి పిల్ల పక్కపక్కన కూర్చుని చదువుకొనే వీలు కలిగింది. 2014లో వచ్చిన షాదీ ముబారక్ పథకం వధువుకు 18 ఏళ్ళు నిండాలన్న నిబంధన పెట్టింది.

అయితే భాషలోనూ, వేషంలోనూ వేరుగా ఉన్న మన ఇళ్ళు కట్నం దగ్గర మాత్రం ఒక్కటవుతున్నాయి. వరుడు సంతోషంగా చెల్లించవలసిన మహర్ (4:4) కాగితానికే పరిమితమవుతోంది. తల్లిదండ్రుల ఆస్తిలో కుమార్తెకు నిర్ణయించబడిన వాటా (4:7) ‘పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా’ అన్న మాటతో ఎగిరిపోతోంది. ప్రభుత్వమిచ్చే సాయం కూడా కట్నంలో కలిసిపోతే ఆడపిల్లకు మిగిలేదేమిటి?

కనుక కోడలు ఏ భాష మాట్లాడుతుందని కాక, ఆమె హక్కు ఆమెకు అందిందా అని మనం విచారించాలి. మహర్‌ను నికాహ్ నాడే ఆమె చేతికివ్వాలి. ఉర్దూ రాని ఆడపిల్లలకు ఖుర్ఆన్ భావాన్ని తెలుగులోనే బోధించాలి. తన హక్కేమిటో తెలిసిన స్త్రీయే దానిని అడగగలదు.