భాగం 9 : ఇంప్రెషనిస్టు ప్రకృతి దృశ్యాలు – చేతితో వేసిన నకళ్లు

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఇంప్రెషనిస్టు ప్రకృతి దృశ్యం ఎలా రూపొందిందో వివరించగలుగుతారు.
• చేతితో నకలు వేసే పద్ధతిని దశలవారీగా చెప్పగలుగుతారు.
• నకలులో నిలిచేవాటిని, నిలవనివాటిని గుర్తించగలుగుతారు.
• నకలుకూ నకిలీకీ మధ్య భేదాన్ని తెలపగలుగుతారు.

9.1 పరిచయం

ఫోటో ఫ్రేముల దుకాణంలోనో, బంధువుల ఇంటి హాల్లోనో ఒక చిత్రాన్ని మీరు చూసి ఉండవచ్చు. గడ్డి వాలు నిండా ఎర్రని పూలు, గొడుగు పట్టుకొని నడిచి వస్తున్న స్త్రీ, పక్కన ఒక పిల్లవాడు. ఇది క్లోద్ మోనే 1873లో పారిస్ సమీపంలోని అర్జాంతూయ్‌లో వేసిన 'పాపీ పూలు'. మూలచిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. దాని కొలత సుమారు 50 × 65 సెంటీమీటర్లు మాత్రమే. ఇంటి గోడకు సరిపోయే ఈ పరిమాణం, కళ్లకు హాయినిచ్చే విషయం – ఇలాంటి చిత్రాల నకళ్లకు గిరాకీ ఉండటానికి ఇవి రెండు కారణాలు. మరి నకలు కొన్నవారి ఇంటికి మోనే చిత్రంలో ఎంత భాగం చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

9.2 మూలచిత్రం ఎలా పుట్టింది?

1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు లోహపు ట్యూబుకు పేటెంటు పొందాడు. అంతకుముందు కలిపిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో నిల్వ చేసేవారు. ట్యూబులు వచ్చాక తైలవర్ణాలను పొలాలకు, నదీతీరాలకు తీసుకువెళ్లడం సులభమైంది.

ఆరుబయట వెలుగు నిలకడగా ఉండదు. మబ్బు కమ్మితే పచ్చిక రంగు మారుతుంది. అందువల్ల ఇంప్రెషనిస్టులు వివరాలు చెక్కుతూ కూర్చోలేదు. తడి రంగుమీద తడి రంగు వేస్తూ, విడివిడి కుంచె గుర్తులతో త్వరగా పనిచేశారు. కొన్ని చిత్రాలను తరువాత స్టూడియోలో పూర్తిచేసినా, ఆ తొలి చూపును కాపాడుకోవడానికే ప్రయత్నించారు. 'పాపీ పూలు'లో ముందువైపు పూలు నిజమైన పూలలా ఉండవు. అవి పెద్ద పెద్ద ఎర్రని మచ్చలు. పచ్చదనం పక్కన ఉండటంవల్ల ఆ ఎరుపు మరింత ప్రకాశిస్తుంది.

మరొక సంగతి గమనించండి. 1867లో మోనే లూవ్ర్ మ్యూజియంలో పనిచేయడానికి అనుమతి పొందాడు. సాధారణంగా చిత్రకారులు అక్కడికి పాత చిత్రాలకు నకళ్లు వేయడానికి వెళ్లేవారు. మోనే మాత్రం ఆ చిత్రాలకు వీపు తిప్పి, ఆ భవనం పైనుంచి కనిపించే పారిస్ నగరాన్ని చిత్రించాడు. తన కంటితో తాను చూడటమే ఈ కళకు మూలం.

9.3 నకలు వేసే పద్ధతి

1. ఫోటోమీద, కాన్వాసుమీద గడులు గీసి, లేదా ప్రొజెక్టరు సాయంతో రూపరేఖలను దించుతారు.
2. కాన్వాసుకు నేపథ్యపు రంగు పూస్తారు.
3. ఆకాశం, దూరపు చెట్లు, ముందరి నేల – ఈ క్రమంలో పెద్ద భాగాలను నింపుతారు.
4. చివర మందమైన కుంచె గుర్తులు వేస్తారు.
5. రంగును ఆరనిస్తారు. తైలవర్ణం నీరు ఇగిరిపోవడంవల్ల కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలవడంవల్ల గట్టిపడుతుంది. మందపు భాగాలు లోపలిదాకా ఆరడానికి నెలలు పట్టవచ్చు.

చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఉన్న దాఫెన్ ఈ వృత్తికి ప్రసిద్ధి. 1989లో హాంకాంగ్‌కు చెందిన వ్యాపారి హువాంగ్ జియాంగ్ చిత్రకారులను వెంటబెట్టుకొని అక్కడికి రావడంతో ఈ పని మొదలైంది. పెద్ద ఆర్డర్లు వచ్చినప్పుడు ఒకరు ఆకాశం, మరొకరు చెట్లు వేస్తూ పని పంచుకోవడం కూడా ఉంది.

9.4 ఏది నిలుస్తుంది? ఏది జారిపోతుంది?

కూర్పు నిలుస్తుంది. రంగుల మధ్య సంబంధం కొంతవరకు నిలుస్తుంది. జారిపోయేవి మూడు.

రంగు: ఫోటోలో, తెరమీద, అచ్చులో ఒకే ఎరుపు మూడు విధాలుగా కనిపిస్తుంది. నకలు వేసేవారు చాలాసార్లు మూలాన్ని కాక ఫోటోనే చూస్తారు.

మందం: ఫోటో చదునైనది. ఎక్కడ రంగు గుట్టగా ఉందో, ఎక్కడ కాన్వాసు కనిపిస్తోందో అందులో సరిగా తెలియదు.

వేగం: మోనే ఒక్క విసురుతో వేసిన గుర్తును, నకలు వేసేవారు నెమ్మదిగా, జాగ్రత్తగా తిరిగి వేస్తారు. చేయి బిగుసుకుంటే గుర్తు కూడా బిగుసుకుంటుంది.

2016లో వచ్చిన 'చైనాస్ వాన్ గోగ్స్' అనే డాక్యుమెంటరీ దీనికి ఉదాహరణ. వాన్ గో ఇంప్రెషనిస్టుల తరువాతి తరానికి చెందినవాడు. దాదాపు ఇరవై ఏళ్లు అతని చిత్రాలకు నకళ్లు వేసిన దాఫెన్ చిత్రకారుడొకరు, ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటిసారి మూలచిత్రాల ముందు నిలబడి, రంగులు వేరుగా ఉన్నాయని గుర్తిస్తాడు. తిరిగి వచ్చాక తన బామ్మను, తన చుట్టూ ఉన్న చోటును చిత్రించడం మొదలుపెడతాడు. అతనికి నైపుణ్యం ముందునుంచీ ఉంది. కొత్తగా దొరికింది సొంత చూపు.

9.5 నకలు, నకిలీ

ఈ రెండు మాటలు దగ్గరగా వినిపించినా అర్థాలు వేరు. నకలు తాను నకలునని చెప్పుకొంటుంది. నకిలీ తానే అసలునని నమ్మిస్తుంది. భారతదేశంలో చిత్రకారుడు మరణించిన తరువాత 60 ఏళ్లకు కాపీరైటు ముగుస్తుంది. మోనే 1926లో మరణించాడు కాబట్టి అతని చిత్రాలకు నకలు వేయడం తప్పు కాదు. దానిని మోనే వేసినదిగా అమ్మడం మోసం. లూవ్ర్‌లో నకలు వేసేవారు మూలంకంటే ఐదో వంతు పెద్దగానో, చిన్నగానో వేయాలనే నియమం ఈ గందరగోళాన్ని నివారించడానికే.

9.6 కొనేముందు పరిశీలన

చిత్రానికి ఒక పక్కనుంచి వెలుతురు పడేలా చూడండి. చేతితో వేసినదైతే, గట్టు కట్టిన రంగు బొమ్మలోని కుంచె గుర్తుల వెంటే సాగుతుంది. అచ్చుమీద పారదర్శకమైన జిగురు పూసినదైతే, గట్లు ఒకవైపు, బొమ్మ మరొకవైపు పోతాయి. భూతద్దంలో సన్నని రంగు చుక్కలు కనిపిస్తే అది అచ్చు. చెమ్మ పట్టే గోడకు, నేరుగా ఎండపడే చోట తగిలించకండి.

9.7 సారాంశం

నకలు మనకు ఒక చూపు ఫలితాన్ని అందిస్తుంది, ఆ చూపును కాదు. ఈ పరిమితి తెలిసినవారికి అది మంచి అలంకరణ, మంచి పాఠం కూడా. ఆ చిత్రాన్ని గోడమీద ఉంచి, సాయంత్రం మీ ఊరి చెరువు గట్టుమీద వెలుగు ఎలా మారుతుందో గమనించండి. మోనే చేసిన పని అక్కడ అర్థమవుతుంది.

9.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రంగు ట్యూబులు ప్రకృతి దృశ్య చిత్రణకు ఎలా తోడ్పడ్డాయి?
2. ఫోటో చూసి వేసే నకలులో మందం, వేగం ఎందుకు జారిపోతాయి?
3. నకలుకూ నకిలీకీ భేదాన్ని ఉదాహరణతో వివరించండి.