పాణ్యము పేరిటి కర్మాగారము, పాత ఆవరణములలో క్రొత్త వృత్తులు

పాణ్యమను పేరు తెలుగుదేశమున బహుజనులకు ఊరి పేరుగా కంటె సిమెంటు బస్తాపై ముద్రింపబడిన పేరుగానే పరిచితము. ఆ కర్మాగారము మాత్రము పాణ్యమున లేదు. గుంతకల్లు, నంద్యాలల నడుమ సాగు రైలుమార్గమున, బేతంచెర్లకు సమీపమునందలి బుగ్గానిపల్లె యొద్ద, సిమెంటునగరమని పేరువడసిన చోట నున్నది. కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానిగా నుండిన ఆ మూడేండ్ల స్వల్పకాలములోనే, 1955లో, ఈ సంస్థ స్థాపితమైనది. వర్షాభావముచే తరచు కఱవు వాతబడు సీమలో భూగర్భమునందలి సున్నపురాయిని నమ్ముకొని ఒక పరిశ్రమ తలయెత్తుట, దాని చుట్టును ఇండ్లు, అంగళ్లు, కడకు ఆ పేరనే ఒక రైలు స్టేషను ఏర్పడుట, నాటివారికెంతటి ఆశను కల్పించియుండునో ఊహింపదగినది. కాలక్రమమున యాజమాన్యములు మారినవి, ఉత్పత్తి నిలిచిపోయినది, తుదకు సంస్థ 2016 నాటి దివాలా చట్టము చూపిన మార్గమున క్రొత్తవారి చేతికి వచ్చినది. దాని భవిష్యత్తును నిర్ణయించుకొనువారు దాని యజమానులే. అయినను ఈ చరిత్ర మనయెదుట ఒక విశాలమైన ప్రశ్నను నిలుపుచున్నది: ఒక కర్మాగారము మూతబడినప్పుడు నిజముగా మిగులునదేమి?

లోకమున సాధారణముగా వినవచ్చు సమాధానము రెండు వస్తువులను మాత్రమే లెక్కించును. తునకలుగా అమ్మదగిన ఇనుము మొదటిది, ప్లాట్లుగా కోయదగిన నేల రెండవది. ఈ లెక్క మిక్కిలి కొఱతపడిన లెక్కయని నా దృఢాభిప్రాయము. అధికవోల్టేజి విద్యుత్తును దింపుకొను సబ్‌స్టేషను, బండ్లు నేరుగా లోపలికి వచ్చునట్టి రైల్వే సైడింగు, భారవాహనములకు తాళు బాటలు, నీటి ఏర్పాటు, ఎత్తైన కప్పుతోడను బరువైన యంత్రములను మోయగల నేలతోడను కట్టిన విశాలమైన షెడ్లు, వీనినన్నిటిని క్రొత్తగా సమకూర్చుకొనుట ఏ చిన్న వృత్తిదారునికిని సాధ్యము కాదు. వీనికంటెను విలువైనవారు ఆ ఊరిలోనే మిగిలిపోయిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు. వారి విద్య ఏ వేలముపాటలోను లెక్కకు రాదు.

ఈ లెక్కను తప్పుగా వేసిన ఉదాహరణములు మనకు దూరమున లేవు. 1934లో నిజాము ప్రభుత్వకాలమున ఓరుగల్లులో వెలసిన ఆజంజాహి మిల్లు తరతరములుగా వేలాది కుటుంబములను పోషించి, పిమ్మట జాతీయ జౌళి సంస్థ అధీనములోనికి వచ్చి, ఈ శతాబ్ది ప్రారంభమున మూతబడినది. దాని యంత్రశాలలు నేలమట్టమైనవి. స్థలము పలువిధముల పంచబడినది. నేతగాండ్రు సూరతుకును, భివండికిని వలసపోవుచుండగా, 2017లో ఓరుగల్లు సమీపముననే వేఱొక తావున జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. ఆ క్రొత్త ప్రయత్నము సఫలము కావలెననియే నా కోరిక; అయినను మగ్గమునకును, మరకును అలవాటుపడిన ఒక పేటను ఖాళీచేసి, అదే పరిశ్రమను మఱొకచోట మొదటినుండి నిర్మింపబూనుట ఎంత వ్యయముతో కూడినదో ఆలోచింపవలెను.

బొంబాయి కథ ఇంతకంటె కఠినమైనది. పరేలు, వర్లీ ప్రాంతముల బట్టలమిల్లులలో మన పద్మశాలీలు అసంఖ్యాకముగా పనిచేసిరి. 1982 నాటి మహాసమ్మెతో ఆ మిల్లుల పతనము వేగవంతమయ్యెను. 1991లో ప్రభుత్వము ఒక నియమము చేసినది: మిల్లుభూమిని పునర్నిర్మింపదలచిన యజమాని దాదాపు మూడవవంతు నగరమునకు ఉద్యానములు మొదలగు బహిరంగ ప్రదేశములకై విడువవలెను, సుమారు మఱియొక మూడవవంతు సామాన్యుల గృహములకీయవలెను, శేషించినదే తన కుంచుకొనవలెను. 2001లో దీనిని సవరించి, ఈ పంపకము కట్టడములు లేని ఖాళీభూమికే వర్తించునని చేసిరి. మిల్లుభూములలో అధికభాగము కట్టడములతో నిండియున్నందున ప్రజలకు దక్కవలసిన వాటా మిక్కిలి క్షీణించినది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించెను. నేడచ్చట విపణిభవనములును, కార్యాలయములును వెలుగుచున్నవి. వానిలో మిల్లు కార్మికుని కుమారునికి దొరకిన స్థానమెంత యన్నదే నన్ను బాధించు విషయము.

వేఱొక మార్గమును కలదు. ఇంగ్లండులోని హాలిఫాక్సున క్రాస్లీవారి తివాసీల మిల్లు 1982లో మూతబడగా, ఎర్నెస్ట్ హాల్ అను వ్యాపారి, మంచి పియానో విద్వాంసుడు కూడ, మఱికొందఱితో కలిసి మఱుసటి యేడు దానిని కొనెను. ఆయన ఆ రాతికట్టడములను కూలద్రోయక, గదులుగా విభజించి చిన్న సంస్థలకు అద్దెకిచ్చుచు, వాని నడుమ చిత్రశాలలకును చోటు కల్పించి, డీన్‌క్లఫ్ అను ఆ తావును క్రమక్రమముగా నింపెను.

అంతకంటె బోధకమైనది న్యూయార్కునందలి బ్రూక్లిన్ నౌకాశాల చరిత్ర. 1801లో ఏర్పడి, 1966లో అమెరికా నౌకాదళముచే మూయబడిన ఆ ఆవరణమును నగరమే కొనెను. మొదట పెద్ద తప్పటడుగు పడినది: చాలభాగము సీట్రెయిన్ అను ఒక్క ఓడల సంస్థపైననే ఆధారపడగా, 1970ల చివర ఆ సంస్థ వెడలిపోవుటతో అనేక ఉద్యోగములు ఒక్కసారిగా పోయినవి. ఆ దెబ్బతో పాలకులకు జ్ఞానోదయమై, పెద్ద కట్టడములను చిన్న చిన్న భాగములుగా చేసి వడ్రంగులకు, లోహకారులకు, ఆహారపదార్థములు తయారుచేయువారికి అద్దెకిచ్చుట మొదలిడిరి. నేడచ్చట వందలాది సంస్థలు పనిచేయుచున్నవి. నగరము భూమిని అమ్మక తనయొద్దనే యుంచుకొన్నందుననే, చుట్టుప్రక్కల ధరలు ఆకాశమునంటినను, ఈ చిన్నవృత్తులు వెడలగొట్టబడక నిలిచినవని నా అభిప్రాయము.

ఇక మన సీమకు వత్తము. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో క్రొత్త వ్యాపారములకు కావలసిన బీజములు ఇదివఱకే నాటుకొనియున్నవి. బేతంచెర్ల పరిసరముల నాపరాళ్ల గనులును, పాలిష్ ఫ్యాక్టరీలును దేశమంతటికి నేలబండలు పంపుచున్నవి. ఆళ్లగడ్డ శిల్పుల చేతినుండి దేవాలయముల విగ్రహములు వెలువడుచున్నవి. ఆ శిల్పమునకును, బనగానపల్లె మామిడికిని భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధనశాల కలదు. ప్రత్తిలో ‘నరసింహ’ వంటి వంగడమచటనే పుట్టినది. కర్నూలు-కడప (కె.సి.) కాలువ క్రింది సోనా బియ్యపు కీర్తి చెప్పనక్కఱలేదు.

ఈ వృత్తులలో పెక్కింటికి ఒకే కొఱత: తగిన పనితావు. శిల్పి తన యింటి ముంగిటనో, రోడ్డు ప్రక్కనో గ్రైండరు పట్టి రాతిని కోయుచుండగా లేచు ధూళి ఆతని ఊపిరితిత్తులలోనికే పోవుచున్నది. సిలికా కలిగిన కఠినశిలల ధూళివలన కలుగు సిలికోసిస్ వ్యాధి మాన్పరానిది. ధూళిని పీల్చివేయు యంత్రమును ఒక్క కుటుంబము కొనజాలదు. ఇరువది కుటుంబములు ఒకే కప్పుక్రింద పనిచేసిన పక్షమున అది సాధ్యము. బండల ఫ్యాక్టరీలనుండి వెలువడు సున్నపురాతి బురదయు, ముక్కలును గుట్టలుగా పేరుకొనుచున్నవి. అది ప్రధానముగా కాల్షియం కార్బొనేటే. తగినరీతిని ఆరబెట్టి పరీక్షించినచో ఇటుకల తయారీలోను, కొంతవఱకు సిమెంటు ముడిసరుకులోను ఉపయోగపడును. మామిడిగుజ్జునకు శీతలగిడ్డంగి వలయును. విత్తనములకు పొడి గోదాము వలయును. వీనిలో దేనికిని నూతనముగా మెట్టభూమి సేకరింప నక్కఱలేదు. మూతబడిన మిల్లు షెడ్డు ఒక్కటి సరిగా మరమ్మతు చేసిన చాలును.

చిక్కులు లేవని నేననను. కార్మికుల బకాయిలు ముందు తీరవలెను. వానిని తీర్పకుండ ప్రారంభించు ఏ నూతన కార్యమును న్యాయసమ్మతము కాదు. పాత నూనెలును, రసాయనములును ఇంకిన నేలను పరీక్షింపవలెను. త్రవ్వివిడిచిన గనిగోతులకు గట్లు కట్టి, నీరు నిలుచు తావుల చుట్టును కంచె వేయవలెను. అద్దె ఒక యేటికి గాక పది పదునైదేండ్లకు స్థిరపఱుపబడినగాని బ్యాంకులు చిన్నవానికి అప్పీయవు.

అన్నిటికంటె ముందు జరుగవలసినది ఆస్తుల జాబితా. మూతబడిన సంస్థల ఆస్తులను అమ్ము లిక్విడేటరు ట్రాన్స్‌ఫార్మర్లను, క్రేనులను, సైడింగు పట్టాలను తునకలుగా అమ్మివేయకమునుపే, జిల్లాలో మూతబడిన మిల్లులు, గోదాములు, కర్మాగారములెన్ని, వానిలో పనికివచ్చు షెడ్లెన్ని, ఏ షెడ్డునకెంత విద్యుత్తు అందునని జిల్లా పరిశ్రమల కేంద్రము స్వయముగ చూచి వ్రాయవలెను. ఆ జాబితా ఆళ్లగడ్డ శిల్పికిని, బేతంచెర్ల బండల వ్యాపారికిని తెలుగులో చదువ దొరకవలెను.