పండుమిరప పచ్చడి: పావుకిలో ఉప్పు వెనుక శాస్త్రం

సంక్రాంతి దాటి కల్లాల్లో మిరప ఎండుతున్న రోజుల్లోనే గుంటూరు, ప్రకాశం ప్రాంతపు ఇళ్లలో పండుమిరప పచ్చడి పనులు మొదలవుతాయి. వేటపాలెం వంటి తీరగ్రామాల ఇసుక నేలల్లో, బావినీరు ఉప్పుబారని చోట, పశువుల ఎరువు వేసి తరచుగా నీరు పెడితే పెరటి మొక్కలే ఇందుకు చాలు. పెరటి కాయకు మరొక మేలుంది. 2021లో నల్ల తామరపురుగు విజృంభించిన తరువాత మిరప పొలాల్లో మందుల పిచికారీ పెరిగింది. ఈ పచ్చడిలో కాయను ఉడికించడం గానీ వేయించడం గానీ లేదు కనుక అవశేషాల విషయంలో జాగ్రత్త అవసరం.

వాడుకలో ఉన్న పాళ్లు సరళమైనవి: కిలో పండుకాయలకు పావుకిలో చింతపండు, పావుకిలో కల్లుప్పు. కాయలను తొడిమలతోనే కడిగి, తడి పూర్తిగా ఆరాకే తొడిమలు తీయాలి. ముందే తీస్తే నీరు కాయలోకి దిగుతుంది. పసుపు చేర్చి తొక్కి జాడీకి ఎత్తి, మూడవ నాడు మెంతిపొడి, వెల్లుల్లి కలిపి నూరుతారు.

ఇటీవల రక్తపోటు భయంతో చాలామంది ఉప్పును సగానికి తగ్గిస్తున్నారు. కొద్ది వారాలకే జాడీ పొంగిందని, పైన తెల్లని పొర కట్టిందని ఫిర్యాదు వస్తుంది. కారణం లెక్కలోనే ఉంది. కిలో పండుకాయల్లో నీరు సుమారు 750 గ్రాములు అనుకుందాం. అందులో 250 గ్రాముల ఉప్పు కరిగితే ద్రావణం 25 శాతానికి చేరుతుంది, అంటే దాదాపు సంతృప్త స్థితి. అక్కడ అధికశాతం సూక్ష్మజీవులకు వాడుకోదగిన నీరు మిగలదు. ఉప్పు 125 గ్రాములైతే గాఢత 14 శాతమే. ఉప్పును తట్టుకొనే ఈస్టులకు అది అడ్డు కాదు. అవి పెరిగి వాయువు విడుదల చేస్తాయి. అంటే ఉప్పు తగ్గించిన గృహిణి అదే పచ్చడిని చప్పగా చేయడం లేదు, తెలియకుండానే పులియబెట్టే పద్ధతిలోకి అడుగుపెడుతున్నది.

ఆ పద్ధతి తప్పు కాదు. అమెరికాలోని లూసియానాలో ఏవరీ ద్వీపంలో ఎడ్మండ్ మెకిల్హెన్నీ 1868లో ప్రారంభించిన టబాస్కో సాస్ అలాంటిదే. పండుమిరపను ఉప్పుతో నలిపి ఓక్ పీపాల్లో మూడేళ్ల వరకు మాగబెట్టి, తరువాత వినెగర్ కలుపుతారు. ఆ ద్వీపం ఉప్పుగుట్ట మీద ఉంది. మనకు చినగంజాం ఉప్పుమడులు ఉన్నట్లే. అయితే అక్కడ పులియడం నియంత్రణలో జరుగుతుంది, చివర వినెగర్ కాపాడుతుంది. మన జాడీలో ఆ పాత్ర చింతపండులోని టార్టారిక్ ఆమ్లానిది. కనుక ఉప్పుతో పాటు చింతపండును కూడా తగ్గించడం అత్యంత ప్రమాదకరం. ఉదజని సూచిక 4.6 కంటే పైకి పోతే, వెల్లుల్లి, నూనె కలిసిన గాలిచొరని మిశ్రమంలో బొట్యులిజం కలిగించే బాక్టీరియాకు అవకాశం చిక్కుతుంది.

కొలత విషయంలో మరొక పొరపాటు ఉంది. సోలతో కొలిచే అలవాటున్న ఇళ్లలో కల్లుప్పు బదులు మెత్తని ఉప్పు వాడితే అదే సోలకు బరువు పెరుగుతుంది. మెత్తని ఉప్పుకు అలవాటైన సోలతో కల్లుప్పు కొలిస్తే తగ్గుతుంది. ఉప్పును తూచి వేయమని విస్తరణ కార్యకర్తలు చెప్పాలి. రక్తపోటు ఉన్నవారికి పచ్చడిలో ఉప్పు తగ్గించడం కంటే విస్తట్లో పచ్చడి తగ్గించమని చెప్పడం మేలు. తక్కువ ఉప్పే కావాలంటే వారానికి సరిపడా నూరి, చింతపండు తగ్గించకుండా, శీతల పెట్టెలో ఉంచుకోవాలి.