మీకు తెలుసా? జడ పెంచుతూనే ముంగురులు కత్తిరించుకోవచ్చు

కృష్ణగిరి జిల్లా హోసూరు గులాబీలు తురుముకునేంత జడా కావాలి, నుదుటి మీద ముంగురులూ కావాలి అనుకుంటున్నారా? రెండూ సాధ్యమే. వెంట్రుక పెరిగేది మొదలు నుంచి. ముందు కత్తిరిస్తే వెనక జడ పెరుగుదల ఆగదు, వేగమూ పెరగదు.

• జుట్టు నెలకు సుమారు 1 సెం.మీ. పెరుగుతుంది. కనుబొమల దాకా కత్తిరించిన ముంగురులు గడ్డం దాకా రావాలంటే దాదాపు ఏడాది ఓపిక పట్టాలి.

• ఉంగరాల జుట్టు ఆరాక పైకి ముడుచుకుంటుంది. కాస్త పొడవుగానే ఉంచమనండి.

• 1960 నాటి 'లవ్ ఇన్ సిమ్లా'తో 'సాధన కట్' దేశమంతా పాకింది. నటి సాధన విశాలమైన నుదురును కప్పడానికి దర్శకుడు ఆర్.కె. నయ్యర్ చేయించిన మార్పు అది.

• ఇంట్లో పెళ్లి దగ్గరపడిందా? ఆగడమే మేలు. ముంగురుల కింద పాపిటబిళ్ల దాగిపోతుంది.